అక్క ఊరు రాని పుస్తకం

మొన్న సువా నుంచి ఒక అమ్మాయి వచ్చింది. సర్కారు గ్రంథాలయ శాఖలో ఉద్యోగం. ఆ శాఖ చరిత్ర రాస్తున్నారట. గిర్మిట్ అనే కూలి ఒప్పందం మీద ఈ దీవులకు ఓడెక్కి వచ్చిన ముసలిది ఒకతె నవాకాలో ఇంకా బతికే ఉందని ఎవరో చెబితే, బస్సెక్కి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. పాత కచేరీ కాగితాల్లోంచి టైపు కొట్టి తెచ్చిన ఒక పేజీ నా ముందు పెట్టి, ఇంగ్లీషులో చదివి, హిందీలో చెప్పింది. నాడీ పట్నం వైపు చెరకు ఎస్టేట్ల కూలీలకు సర్కారు ఒకప్పుడు పుస్తకాల పెట్టె ఒకటి పంపేదట. ఒక లైనులో కూలీలు ఒక పుస్తకం పోగొట్టారట. అందుకని పెట్టె పంపడం మానేశారట. వాళ్ళ చరిత్రలో మా గురించి ఉన్నది ఆ మూడు ముక్కలే.

నాకు ఒళ్ళు మండింది. పోగొట్టారట! ఆ పుస్తకం ఎక్కడికీ పోలేదు. నా ట్రంకు పెట్టెలో, మా ఆయన పంచె కింద భద్రంగా ఉంది. పోగొట్టింది లైను జనం కాదు, దాచింది నేను. మా ఆయన బతికున్నన్నాళ్ళు ఆయనకు కూడా చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను. తెలుగులో రాస్తున్నాను కనుక ఆ అమ్మాయి చదవలేదు. అది కూడా ఒకందుకు మంచిదే, ఎందుకో చివర్లో మీకే తెలుస్తుంది.

లైను అంటే కూలీలకు కంపెనీ కట్టించిన గదుల వరుస. మనిషి కాళ్ళు చాపితే అవతలి గోడకు తగిలే గది. గదికీ గదికీ మధ్య రేకు. ఒకరు దగ్గితే పది గదుల వాళ్ళకు నిద్ర పట్టేది కాదు. పొద్దున చీకటితో లేచి చెరకు తోటకు పోవడం, సర్దారు కొలిచి ఇచ్చిన సాళ్ళు పూర్తి చేయడం, తిరిగి రావడం. ఆదివారం ఒక్కటే మాది. అలాంటి చోటికి పుస్తకాలు పంపాలన్న ఆలోచన ఏ దొరకూ వచ్చింది కాదు. జిల్లా కచేరీలో మద్రాసు నుంచి వచ్చిన దుబాసీ గుమాస్తా ఒకాయన ఉండేవాడు. ఆయన దొర వెంటపడి, అర్జీల మీద అర్జీలు రాసి, ఒప్పించాడని చెప్పుకునేవారు. ఆ అమ్మాయి తెచ్చిన పేజీలో ఆ గుమాస్తా ఊసే లేదు.

పెట్టె చెరకు రైలు మీద వచ్చేది. చెరకు దించేసి మిల్లు నుంచి తిరిగివచ్చే ఖాళీ బండ్లలో ఒకదాని మీద కూర్చోబెట్టి పంపేవారు. టేకు పెట్టె, ఇత్తడి తాళం. ఒక్కో లైనులో రెండు నెలలు. గడువు కాగానే ఇంకో లైనుకు. మా లైనులో తాళంచెవి మా ఆయన దగ్గర ఉండేది, ఎందుకంటే అక్కడ తెలుగు చదవగలిగింది ఆయనొక్కడే. నేతపనివాళ్ళ పిల్లాడు, వీధిబడిలో నాలుగు అక్షరాలు నేర్చుకున్నాడు. ఆ నాలుగు అక్షరాలకే లైనంతా ఆయన్ని పంతులుగారూ అనేది. ఆయన కొంచెం పొంగిపోయేవాడు కూడా, ఎందుకు దాచడం.

పెట్టెలో హిందీవి, అరవవి ఎక్కువ. తెలుగువి నాలుగే. ఒకటి ఎక్కాల పుస్తకం. ఒకటి పశువుల రోగాల గురించి, దాన్ని కూడా వదల్లేదు మేము, లైనులో ఒక్క గేదె లేకపోయినా గాలికుంటుకు మందేమిటో అందరికీ కంఠతా వచ్చేసింది. ఒకటి చెదలు తిన్న పద్యాలు. నాలుగోదానికి అట్ట లేదు, మొదటి పేజీలు లేవు, రాసినాయన పేరు ఎవరికీ తెలియదు. కాశీ వెళ్ళి కాలినడకన దక్షిణాదికి తిరిగి వస్తున్న ఒక పెద్దమనిషి, ఏ రోజు ఏ ఊళ్ళో మజిలీ చేశాడో రాసుకున్న పుస్తకం అది. కథ అంటూ ఏమీ లేదు. ఫలానా ఊరు, సత్రం బాగుంది, బావి నీళ్ళు బాగా లేవు, సంత మంగళవారం, ఇక్కడి నుంచి ఏరు దాటాలి. అంతే. ఆ పుస్తకం కోసం మేము చెవులు కోసుకునేవాళ్ళం.

ఆదివారం బట్టలుతుక్కుని, తలలు దువ్వుకుని, గదుల ముందు కూర్చునేవాళ్ళం. మా ఆయన మధ్యలో. రోడ్డు గంజాం నుంచి కిందికి దిగుతూ ఉంటే, ఎవరి ఊరు దగ్గరపడుతుంటే వాళ్ళు ముందుకు జరిగి కూర్చునేవాళ్ళు. ఊరి పేరు వినబడగానే ఆ మనిషి ముఖం చూడాలి! ఇచ్ఛాపురం ఆయన ఒకడు, తోట మీది తెల్లదొర కులంబరు కొరడాకు కూడా చలించని మొండి ఘటం, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. అప్పటి నుంచి మా లైనులో ఒక ఆచారం పడింది. ఎవరి ఊరు వస్తే వాళ్ళు ఆ పూట అందరికీ పానకం ఇవ్వాలి. చుట్టాలు ఇంటికొచ్చినట్టు లెక్క. చక్కెర కొనుక్కోవలసిందే. పొద్దస్తమానం చెరకులో పడి బతుకుతూ చక్కెర కొనుక్కుతాగడం మా రాత.

మాది విజయనగరం దగ్గర. మూడో ఆదివారం వచ్చింది. ఆ పెద్దమనిషి మా ఊరి చింతతోపులో ఆగి, స్నానం చేసి, వంట చేసుకుని, బావి నీళ్ళు ఉప్పన అని రాశాడు. ఉప్పనట! మా బావి నీళ్ళకు పక్క ఊళ్ళ నుంచి బండి కట్టుకుని వచ్చేవారు. ఏ బావిలో తోడుకున్నాడో మహానుభావుడు. నేను మా ఆయన మీద విరుచుకుపడ్డాను, ఆయనే రాసినట్టు. అలా తిడుతూ తిడుతూనే ఏడ్చాను. ఆ తోపు కింద మా అమ్మ చింతపువ్వు ఏరుతుండేది. పానకం చాలా పలచగా చేశానని అందరూ వేళాకోళం చేశారు.

ఇక అక్క సంగతి. మేమిద్దరం ఒకే ఓడలో వచ్చాం కనుక అక్క. ఓడ సముద్రంలోకి దిగిన రెండో రోజు నుంచి నేను తల ఎత్తలేకపోతే, నా తల తన ఒళ్ళో పెట్టుకుని, తన వాటా గంజి నాకు పోసి బతికించింది. నాకన్నా పదేళ్ళు పెద్ద. ఒంటరి మనిషి. ఎలా వచ్చిందో, ఎందుకు వచ్చిందో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇక్కడికి వచ్చినవాళ్ళను ఆ ప్రశ్న అడగకూడదు. ఊరు మాత్రం చెప్పేది. కృష్ణ దాటాక, మంగళగిరి నుంచి తెనాలి వైపు పోయే దారిలో ఒక చిన్న ఊరు. ఆమెకు అక్కడి నుంచి ఉత్తరం రాలేదు. రాయడానికి ఎవరూ లేరు.

ఒకరోజు సాళ్ళలో కలుపు తీస్తూ నాతో అంది. "ఈ మధ్య నాకు అనుమానంగా ఉంటోందే. ఆ ఊరు నిజంగా ఉందో, నేనే అనుకుంటున్నానో. ఇక్కడ మా ఊరు చూసినవాడు ఒక్కడూ లేడు. పుస్తకంలో వస్తే ఉన్నట్టే కదా?"

ఉన్నట్టే అన్నాను. అప్పటి నుంచి అక్క చక్కెర దాచడం మొదలెట్టింది. బిస్కట్ల డబ్బా ఒకటి ఎక్కడో సంపాదించి, వారం వారం గుప్పెడు చొప్పున దాంట్లో పోసి, చీమలు పట్టకుండా నీళ్ళ మూకుట్లో పెట్టేది. ఆదివారం చదువు కాగానే అడిగేది, కృష్ణ ఇంకెంత దూరం అని. గోదావరి దగ్గరే రెండు ఆదివారాలు పోయాయి, ఎందుకంటే లైనులో సగం మంది ఆ జిల్లావాళ్ళే, చదివిందే మళ్ళీ చదివించుకున్నారు. నాకు చిరాకు వచ్చేది. అక్క మాత్రం, పోనీయవే, వాళ్ళ ఊళ్ళు కూడా ఊళ్ళే కదా అనేది.

పెట్టె వెళ్ళిపోవలసిన వారం వచ్చింది. బుధవారం గుమాస్తా వచ్చి తీసుకుపోవాలి. పుస్తకం బెజవాడ చేరింది. ఉన్నది ఒక్క ఆదివారం. దానికి ముందు శుక్రవారం అక్కకు విరేచనాలు పట్టుకుని ఎస్టేటు ఆస్పత్రిలో వేశారు. ఆ రోజుల్లో ఆ జబ్బుతో లోపలికి వెళ్ళినవాళ్ళలో నడిచి బయటికి వచ్చినవాళ్ళు తక్కువ. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆ ఆదివారమే అష్టమి అయింది. దసరా. పంచాంగం లేదు కనుక అమావాస్య నుంచి వేళ్ళ మీద లెక్కపెట్టి తేల్చారు. మా ఆయన స్నానం చేసి, పుస్తకాలన్నీ పెట్టెలోంచి తీసి పీట మీద పేర్చి, పసుపు కుంకుమ పెట్టి, పువ్వులు వేసి, సరస్వతికి దీపం వెలిగించాడు. అరవవి, హిందీవి, పశువుల రోగాలు, అన్నీ. పూజలో పెట్టిన పుస్తకం దశమి నాడు తీసేదాకా చదవకూడదు కదా. నేను బతిమాలాను. పూజకు ముందు ఆ నాలుగు పేజీలు చదివెయ్యి, నేను విని వెళ్ళి అక్కకు చెబుతాను అన్నాను. ఆయన వినలేదు. మంగళవారం దశమి, సాయంత్రం తీసేసి నేనే ఆస్పత్రికి వచ్చి చదువుతాను అన్నాడు. సరే, రెండు రోజులే కదా అనుకున్నాను.

మంగళవారం వచ్చింది. పని నుంచి వచ్చి అందరూ పూజ చుట్టూ చేరారు. అప్పుడు మా లైనులో పెద్దాయన ఒకాయన గొంతు సవరించుకున్నాడు. ఆయనకు ఓడలో ఎవరో తెల్లవాడు చెప్పాడట, ఇక్కడ సూర్యోదయం అయ్యేసరికి మన దేశంలో అర్ధరాత్రి అని. మరి తిథి ఎక్కడి సూర్యోదయం నుంచి లెక్క? ఇక్కడ దశమి అయితే సరస్వతికి అక్కడ ఇంకా నవమే కదా? పైగా అమావాస్య మరునాడు మబ్బు పట్టింది, నెలవంకను చూసినవాడు ఎవడు? తిథి కాని తిథిలో పుస్తకం కదిపితే పుట్టే పిల్లలకు అక్షరం రాదు. ఆ మాటతో కడుపుతో ఉన్న ఆడవాళ్ళంతా అటు తిరిగిపోయారు. మా ఆయనకూ అనుమానం పట్టుకుంది. ఒకరు బుధవారం అన్నారు, ఒకరు గురువారం అన్నారు. చివరికి పెద్దాయనే తీర్పు చెప్పాడు. పున్నమికి ఎవరి లెక్కా అక్కర్లేదు, ఆకాశంలో కళ్ళకు కనబడుతుంది, వచ్చే ఆదివారం చంద్రుణ్ణి చూసి తీద్దాం. అందరూ హాయిగా ఊపిరి పీల్చుకున్నారు. రేపే పెట్టె ఇచ్చెయ్యాలి కదా అని నేను అరిచాను. గుమాస్తా మాత్రం హిందువు కాడా, పూజ అంటే అర్థం చేసుకోడా అన్నారు.

ఎంత భక్తి, ఎంత తెలివి! నా తల తిరిగిపోయింది. ఆదివారం దాకా అక్క ఉంటుందో లేదో ఎవరూ లెక్కపెట్టలేదు.

అప్పటికి నాకు చదవడం కొంచెం వచ్చు. మా ఆయనే రేకు మీద బొగ్గుతో రాసి నేర్పాడు. ఒత్తులు వచ్చినచోట ఆగిపోయేదాన్ని, అయినా వచ్చు. ఆయన ఏటికి స్నానానికి వెళ్ళగానే, సరస్వతికి దండం పెట్టి, నన్నేం చేసుకున్నా సరే తల్లీ అని, ఆ అట్ట లేని పుస్తకాన్ని దొంతర అడుగు నుంచి లాగి, పైన పువ్వులు సర్ది, కొంగులో దాచుకుని ఆస్పత్రికి నడిచాను.

అక్క మంచానికి అంటుకుపోయి ఉంది. రెండు మూరలంత మనిషి అయిపోయింది. పుస్తకం చూడగానే కళ్ళలోకి ప్రాణం వచ్చింది. లేపి కూర్చోబెట్టమంది. కిటికీ లోంచి ఇంకా వెలుగు ఉంది. నేను కింద కూర్చుని, అక్షరం కింద వేలు పెట్టి చదవడం మొదలెట్టాను. పెద్దమనిషి గాలి కోసం ఎదురుచూసి పడవెక్కాడు. కృష్ణ దాటాడు. ఇసుకలో నడిచాడు. మంగళగిరిలో మజిలీ చేశాడు. అక్క నా భుజం పట్టుకుంది. మరునాడు పొద్దున్నే బయల్దేరి, తెనాలి దారి వానలకు బురదగా ఉందని విని, గుంటూరు దారి పట్టాడు.

నేను ఆ వాక్యం ఎక్కడా తడబడకుండా చదివాను. పొద్దున్నేలో ఒత్తులు, గుంటూరులో సున్నా, అన్నీ సరిగ్గా పలికాను. ఎంత సంబరపడ్డానో! మెచ్చుకుంటుందేమో అని తలెత్తి చూశాను. అప్పుడు గానీ నేను చదివిందేమిటో నాకు ఎక్కలేదు.

"ఇంకోసారి చదువు," అంది అక్క.

ఇంకోసారి చదివాను. అదే చదివాను.

"అంతేనా?"

"అంతే అక్కా. గుంటూరు వైపు వెళ్ళిపోయాడు."

ఆమె నా భుజం మీంచి చెయ్యి తీసేసింది. తర్వాత మెల్లిగా, "పోనీలేవే. ఆయన మాత్రం ఏం చేస్తాడు. ఆ దారి వానల్లో నిజంగానే మోకాలి లోతు బురద," అంది. పుస్తకం ఈ పూటకు ఇక్కడ ఉంచమంది. ఆ వాక్యం ఎక్కడుందో చూపించమని, దాని మీద తన వేలు పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకుంది. నేను గుమ్మం దాటుతుంటే, చక్కెర డబ్బా నువ్వు తీసుకో అంది.

దారి పొడుగునా నన్ను నేను తిట్టుకున్నాను. ఒక్క మాట. ఆ ఊరి పేరు నాకు తెలుసు, వెయ్యిసార్లు విన్నాను. ఆమెకు చదువు రాదు. ఫలానా ఊళ్ళో దిగాను, బావి నీళ్ళు తియ్యన అని అంటే నా సొమ్మేం పోయేది? ఒంట్లో బాగాలేదని సర్దారుతో ఎన్ని అబద్ధాలు ఆడలేదు, కులంబరు ముందు ఎన్ని దొంగ దగ్గులు దగ్గలేదు! ఆ ఒక్క అబద్ధం మాత్రం నోటికి రాలేదు. కొత్తగా అక్షరం వచ్చిన గర్వం. కాగితం మీద ఏముంటే అదే చదవాలని మా ఆయన నేర్పాడు, అదే చదివాను.

బుధవారం గుమాస్తా వచ్చాడు. పూజ చూసి దండం పెట్టాడు గానీ, కచేరీలో దొరకు ఏమని చెప్పుకోను అని తల పట్టుకున్నాడు. మావాళ్ళు ముట్టుకోనివ్వలేదు. గురువారం పోలీసుతో వచ్చి పువ్వులతో సహా పెట్టెలో వేసుకుపోయారు. పెద్దాయన గోల పెట్టాడు. ఆ గొడవలో పుస్తకాలు ఎన్ని ఉన్నాయో ఎవరూ చూడలేదు. శుక్రవారం అక్క పోయింది. ఆస్పత్రి మనిషి ఆమె బట్టల మూటలో పుస్తకం కూడా చుట్టి నాకే ఇచ్చాడు. తిరిగి ఇస్తే తాళంచెవి ఎవరి దగ్గరుందో వాళ్ళను పట్టుకుంటారు. మా ఆయన్ని జైల్లో వేస్తారని భయపడి దాచేశాను. చక్కెర ఎవరికీ పంచలేదు. ఊరు రాలేదు కదా, ఏమని పంచను? ఆ వానాకాలానికి నీరుగారిపోయింది.

పెట్టె మళ్ళీ రాలేదు. చెరకు రైలు కూత వినబడితే చాలు, లైనంతా తలెత్తి చూసేది. గిర్మిట్ అయిపోయి, ఇక్కడ ఇంత భూమి తీసుకుని, పిల్లలు పుట్టి పెద్దవాళ్ళయ్యాక కూడా మా ఆయన ఆ కూత వినగానే ఒక్క క్షణం ఆగేవాడు. నా పూజే కొంప ముంచింది, నా మూలంగానే జనం చదువుకు దూరమయ్యారు అని పోయేదాకా అనుకున్నాడు. మా పిల్లలు బడిలో హిందీ చదివారు, మనవలు ఇంగ్లీషు. తెలుగు మాట ఎప్పుడైనా గుడిలో కొబ్బరికాయ కొట్టేటప్పుడు వినబడుతుంది. నేను నోరు విప్పి నిజం చెప్పి ఉంటే ఆయన మనసు కొంత తేలికయ్యేది. చెప్పలేదు. ఆ పాపం నాదే.

ఇదంతా ఆ సువా అమ్మాయికి చెప్పలేదు. ట్రంకు తెరిచి పుస్తకం తెచ్చి ఆమె చేతిలో పెట్టి, ఇదిగో మీ పోయిన పుస్తకం, తీసుకెళ్ళి మీ చరిత్రలో పెట్టుకోండి అన్నాను. ఆ పిల్ల పుస్తకాన్ని రెండు చేతులా పట్టుకుంది. తర్వాత పేజీలు మెల్లిగా తిప్పింది. వాళ్ళ తాత కూడా తెలుగువాడేనట, మద్రాసు ఓడలో వచ్చాడట. ఏ ఊరో తెలియదు. తుఫానులో ఇల్లు కొట్టుకుపోయినప్పుడు కాగితాలు పోయాయి, చెప్పేవాళ్ళు పోయారు. ఇదేం పుస్తకం అని అడిగితే, మన ఊళ్ళ పుస్తకం అని చెప్పాను.

నన్ను హిందీలో అమ్మమ్మా అని పిలిచి అడిగింది. "నానీ, ఇందులో మా గావ్ ఉందా, నై?"

పుస్తకం తీసుకుని కృష్ణ దాటే పేజీ తెరిచాను. వెతకనక్కర్లేదు, తనంతట తనే తెరుచుకుంటుంది. ఆ వాక్యం కింద వేలు పెట్టాను. పెద్దమనిషి మంగళగిరిలో పొద్దున్నే బయల్దేరాడు అని చదివాను. తెనాలి దారి పట్టాడు అని చదివాను. అక్క ఊరి పేరు చదివాను. ఆ ఊళ్ళో దిగాడు, బావి నీళ్ళు తియ్యన అని చదివాను. ఎక్కడా తడబడలేదు. ఇదే మీ ఊరు అన్నాను. వాళ్ళ ఆఫీసు చరిత్రలో తప్పు పడితే పడనీ.

ఆ అమ్మాయి నోటుబుక్కు తీసి, ఆ పేరు ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంది. సరిగ్గా రాశానా అని ఇంకోసారి చెప్పించుకుంది. చెప్పాను.

ఊరు వచ్చింది కదా. ఆ పిల్లను కూర్చోమని, వంటింట్లోకి వెళ్ళి చక్కెర డబ్బా దించాను.